వంతెన మీద నాలుగు వందల పన్నెండు మంది

రత్నవేణికి ఉన్న భయాలన్నిటిలోకీ పెద్ద భయం ఒక్కటే. పిల్లకి ఆయాసం ఎగదన్నిన వేళకి వంతెన మొదట్లో ఉన్న అడ్డకర్ర కిందికి దిగి ఉంటుందేమోనని. ఆమె పాముకి భయపడదు, వరదకి భయపడదు, అత్తగారికి అసలే భయపడదు. గవ్వలంకలో పుట్టి గవ్వలంకలోనే కాపరం చేస్తున్న మనిషి. ప్రతి ఏడూ గోదారి వాకిట్లోకి వచ్చి పలకరించి పోవడం చూస్తూనే ఉంది. కానీ రెండున్నరేళ్ళ జోషిత గుండెల్లో పిల్లికూతలు మొదలయ్యాయంటే చాలు, కాళ్ళూ చేతులూ ఆడవు. ముక్కుకి గొట్టం పెట్టి మందు ఆవిరి పట్టే మిషను కొత్తరేవు ఆస్పత్రిలో తప్ప చుట్టుపక్కల ఇంకెక్కడా లేదు. కొత్తరేవు ఏటికి అవతలుంది. మొగుడు చూడబోతే హైదరాబాదులో టైల్సు పనికి పోయి నెలకోసారి కనిపిస్తాడు. మిగిలింది తనూ, అత్త వీరాయమ్మా, మధ్యలో వంతెనా.

ఆ వంతెన ప్రజల సొత్తు. నల్లరాయి మీద ఆ మాట చెక్కించి మరీ పాతారు. ప్రజలు తమ సొత్తు మీద తాము నడవాలంటే మనిషికి రూపాయి, సైకిలుకి రెండు, ఆటోకి పది ఇచ్చుకోవాలి, అంతే. ఆ చిల్లర తీసుకునేవాడు ముత్యాలరావు. ఇరవై ఆరేళ్ళుగా అదే రేకుల గది, అదే స్టూలు. భార్య పోయింది, పిల్లల్లేరు, షుగరు మాత్రం ఉంది. ఒక చెయ్యి చాపుతూ రెండో చేత్తో కర్ర ఎత్తేసేవాడు. రత్నవేణి ఒళ్ళో పిల్ల డొక్కలెగరేస్తూ కనపడితే ఆ చెయ్యి చాపడం కూడా మానేసి, "వచ్చేటప్పుడిద్దువుగాన్లే అమ్మాయ్, ముందు పదండి పదండి" అనేవాడు. అయినా సరే, కర్ర లేచే ఆ అర నిమిషమూ రత్నవేణికి అరేడాదిలా ఉండేది.

ఆ ఏడు శ్రావణమాసంలో సుంకం ఎత్తేయాలని జనం గట్టిగా పట్టుబట్టారు. వంతెన కట్టిన ఖర్చు తీరి ఒక తరమైంది, ఇంకా ఎందుకు కట్టాలని అడిగారు. సేతు సుంక యాజమాన్య మండలి వారు వినీ విననట్టు ఊరుకునే రకం కాదు. వెంటనే కొత్తరేవులో చర్చాసభ పెట్టారు. సభ అవతల గనక, సుంకం వద్దని చెప్పడానికి బయల్దేరిన మూడు వందల మంది లంకవాళ్ళూ సుంకం కట్టే వెళ్ళారు. మండలి చరిత్రలో ఒక్క పూటలో అంత వసూలు ఎన్నడూ లేదట. సుంకానికి ప్రజాదరణ నానాటికీ పెరుగుతోందనడానికి ఇదే తార్కాణమని ముఖ్య పర్యవేక్షణాధికారి కూర్మారావు గారు సభ మొదట్లోనే సంతోషం వెలిబుచ్చారు.

"ఇట్టి సమస్యను మండలి సానుభూతితోనూ, సమగ్రముగానూ, సత్వరముగానూ పరిశీలించుచున్నది," అన్నారాయన. "గత పదకొండు సంవత్సరముల నుండి సత్వరముగా పరిశీలించుచున్నది."

తర్వాత పెద్దలు మాట్లాడారు. మండలికి సలహాలిచ్చే పెద్దమనిషి ఒకాయన లేచి, ఊరికే వచ్చినదానికి విలువ ఉండదన్నాడు. "గాలి ఊరికే వస్తోంది. దానికి ఎవరైనా విలువిస్తున్నారా?" అని చెయ్యి ఊపి అడిగాడు. సభలో చాలామంది తలాడించారు. ఒళ్ళో పిల్లని పెట్టుకుని మూడో వరసలో కూర్చున్న రత్నవేణి మాత్రం ఆయన్ని వింతగా చూసింది. గాలి ఊరికే వస్తుందనుకునే మనిషిని ఆమె చూడటం అదే మొదలు.

ఇంకొకాయన మరీ లోతుకి వెళ్ళాడు. వంతెన దాటేటప్పుడు జనం గోదారిలోకి డబ్బులు విసిరి దండం పెట్టుకోవడం తాను కళ్ళారా చూశానన్నాడు. "నది అడగలేదు. అయినా ఇస్తున్నారు. దీనిని బట్టి వీరికి ఇచ్చే అలవాటూ, ఇచ్చే స్తోమతూ రెండూ కలవని రుజువైనది!"

వీరాయమ్మ కొంగు బిగించి లేచింది. "ఏం బాబూ! గోదారమ్మ కర్ర అడ్డం పెట్టిందా? రసీదు చింపిచ్చిందా? మా తల్లికి మేం ఇష్టపడి ఇచ్చుకుంటాం. నువ్వు కూడా ఏట్లోకి దిగి నిలబడు, నీకూ వేస్తాం. ఆయ్!"

నవ్వులు ఆగడానికి చాలాసేపు పట్టింది. ఆ సందట్లో రత్నవేణిని కూడా ఎవరో ముందుకు తోశారు. ఎనిమిదో తరగతితో బడి మానేసిన పిల్ల, మైకు పట్టుకోవడం ఎరగదు. "అయ్యా, నాకు రూపాయి గొడవ కాదండి. నా పిల్లకి ఊపిరాడనప్పుడు ఆ కర్ర అడ్డం లేకుండా చూడండి. నాకింకేం వద్దండి."

కూర్మారావు గారు రుమాలు తీసి కళ్ళద్దాలు తుడుచుకున్నారు. "ఈ మాతృమూర్తి ఆవేదన మండలి హృదయమును కదిలించినది. యథాతథముగా నమోదు చేయండి."

పక్కనున్న గుమాస్తా వంగి చెవిలో అడిగాడు. "ఊపిరి ఏ శీర్షిక కింద రాయమంటారు సార్?"

"ఇతరములు."

ఏమైతేనేం, సుంకం రద్దయింది. గవ్వలంకలో టపాకాయలు కాల్చారు. వీరాయమ్మ పరమాన్నం వండి వీధంతా పంచింది. ఆ రాత్రి రత్నవేణి చాన్నాళ్ళకి కంటినిండా నిద్రపోయింది.

సోమవారం పొద్దున్న పిల్లకి మందు తేవడానికి రత్నవేణి అత్తతో కలిసి వంతెన దగ్గరికి వెళ్తే, కర్ర ఉన్నచోటే ఉంది. కొత్తగా పసుపూ నలుపూ రంగులు కూడా వేశారు. ముత్యాలరావు ఒక్కడుండే చోట పదకొండు మంది ఉన్నారు. రేకుల గది పక్కన రెండు కౌంటర్లు, కౌంటర్ల ముందు రోడ్డు మలుపు దాకా వరస.

"ఇదేంటి బాబాయ్? తీసేశారన్నారు?"

"సుంకం తీసేశారమ్మా," అన్నాడు ముత్యాలరావు తల గోక్కుంటూ. "కర్ర తీసేయమని ఆర్డర్లో లేదు."

ఆర్డరు గోడకి అంటించి ఉంది. సుంకము రద్దు చేయడమైనది. అయితే ఇట్టి రద్దు వలన కలుగు ప్రయోజనము అర్హులకు మాత్రమే చేరుచున్నదని నిర్ధారించుకొనుటకై, వంతెన దాటు ప్రతి వ్యక్తికీ సున్నా రూపాయల రసీదు ఇవ్వవలెను. రసీదు పొందుటకు ఆధారు కార్డు, నివాస ధ్రువపత్రము, వేలిముద్ర, దాటుటకు గల కారణము తప్పనిసరి. ఐదేళ్ళలోపు పిల్లలకు తండ్రి వేలిముద్ర.

రూపాయి ఇచ్చే రోజుల్లో నువ్వెవరివని అడిగిన పాపాన ఎవరూ పోలేదు. ఊరికే అనేసరికి తాత పేరు కూడా కావలసి వచ్చింది.

కౌంటర్లో శేషుకుమార్ అని కొత్త సూపర్‌వైజరు. మెడలో బిళ్ళ, చేతిలో మిషను, మొహంలో భక్తి. వీరాయమ్మ వంతు వచ్చింది. ఆమెది నలభై ఏళ్ళు కొబ్బరి పీచు తాడు పేనిన చెయ్యి. వేలి మీద గీతలు ఎప్పుడో ఆ తాళ్ళతోపాటు అమ్ముడుపోయాయి. మిషను ఆరుసార్లు కూసి ఊరుకుంది.

"మామ్మగారూ, మీరు మీరే అని మిషను ఒప్పుకోవట్లేదండి."

"దానికేం తెలుసురా? నన్నడుగు, నేను చెప్తా."

"దాటుటకు కారణం?"

"అవతలకెళ్ళడానికి."

"అవతలకి ఎందుకండి?"

"ఇవతల లేనిదానికి."

శేషుకుమార్ పుస్తకం తిరగేశాడు. మండలి ఆమోదించిన కారణాలు ముప్పై ఏడున్నాయి. వాటిలో ఇది లేదు. చివరికి ఎడమ కాలి బొటనవేలు పనిచేసింది. వీరాయమ్మ కౌంటరు బల్ల మీద కాలు పెట్టి ముద్ర వేసి, వెనకనున్న జనానికి దండం పెట్టి మరీ దాటింది.

ఇంతవరకూ ఫర్వాలేదు. జనం అలవాటు పడేవారే. కొంప ముంచింది గవ్వలంక వాళ్ళ ఒక పాత అలవాటు.

లంకవాళ్ళు సంతకి పోయేటప్పుడు వంతెన మీద నడిచి పోతారు. వచ్చేటప్పుడు మాత్రం పడవెక్కి వస్తారు. తవుడు బస్తాలూ, నూనె డబ్బాలూ మోసుకుని వంతెన మీద మైలు దూరం ఎవడు నడుస్తాడు? పడవైతే ఇంటి వెనకే దింపుతుంది. వంతెన కట్టిన నాటి నుంచీ ఇంతే. ముత్యాలరావుకి తెలుసు, ఏట్లో చేపలకి కూడా తెలుసు. మండలికి తెలియదు.

మండలి పుస్తకంలో రెండు గళ్ళున్నాయి. ఎక్కిన, దిగిన. తిరిగొచ్చి గవ్వలంక కౌంటర్లో వేలిముద్ర వేస్తేనే దిగినట్టు. కొత్తరేవు వైపు కౌంటరు లేదు. నెలాఖరున లెక్కాచారం చూసే అధికారి కూడికలు వేసి, కుర్చీలోంచి లేచి నిలబడ్డాడట. ఎక్కినవారిలో నాలుగు వందల పన్నెండు మంది దిగలేదు. అవతల దిగినట్టు ఆధారం లేదు, ఇవతల దిగినట్టు ముద్ర లేదు. కనుక వారు వంతెన మీదే ఉన్నారు.

ఇంజనీరు గారిని పిలిపించారు. ఆయన పాత కాగితాలు దులిపి, ఈ వంతెన ఏకకాలంలో నాలుగు వందల మందిని మాత్రమే మోయగలదని తేల్చాడు. మండలి గుండె జారిపోయింది. ఇన్నాళ్ళూ ఎంత ప్రమాదం! ఆ సాయంత్రానికల్లా కర్రకి ఎర్రబోర్డు వేలాడదీశారు. వంతెన నిండినది. ఉన్నవారు దిగువరకు కొత్తవారిని ఎక్కించరాదు.

ముత్యాలరావు చెప్పులు తొడుక్కుని ఆఫీసుకి పోయాడు. ఉద్యోగంలో చేరాక పై అధికారి గదిలోకి తనంతట తాను వెళ్ళడం అదే మొదలు.

"సార్, కిటికీలోంచి ఒక్కసారి చూడండి. దాని మీద కాకి తప్ప ఎవరూ లేరండి."

కూర్మారావు గారు కిటికీ వైపు చూడలేదు. "ముత్యాలరావు, నీకు సర్వీసుంది గానీ శిక్షణ లేదు. కంటికి కనబడనంత మాత్రాన లేరనుట అశాస్త్రీయము. పుస్తకములో ఉన్నారు."

"వాళ్ళందరూ పడవెక్కి ఇళ్ళకి పోయారండి."

"పడవ మా పరిధిలోనిది కాదు."

సరిగ్గా నాలుగో రోజు, మంగళవారం పొద్దున్న పదకొండు గంటలకి, జోషితకి ఆయాసం పట్టుకుంది. మామూలుగా వచ్చేది కాదు. కూత వినపడే దశ దాటిపోయి, నోరు తెరిచి నిశ్శబ్దంగా కొట్టుకుంటోంది. ఏరు ఆటు మీదుంది. పడవ బురదలో కూర్చుంది, పోటు తగలడానికి రెండు గంటలు పడుతుందన్నాడు సరంగు. రత్నవేణి, వీరాయమ్మ పిల్లని ఆటోలో వేసుకుని వంతెన దగ్గరికి వచ్చారు.

కర్ర కిందికి దిగి ఉంది.

దాని వెనక వంతెన బోసిగా పడుంది. ఈ చివరి నుంచి ఆ చివరిదాకా ఎండ తప్ప మరో ప్రాణి లేదు.

"తియ్యండన్నయ్యా! పిల్లకి ఊపిరాడట్లేదు!" అంది రత్నవేణి.

శేషుకుమార్ చెడ్డవాడు కాడు. పిల్లని చూసి అతని మొహం కూడా పాలిపోయింది. కానీ చేతిలో పుస్తకం ఉంది. "లోపల నాలుగొందల పన్నెండు మందున్నారమ్మా. మీ ముగ్గురూ, ఆటో అతనూ ఎక్కాలంటే పదహారు మంది దిగాలి."

"నేను ఎక్కన్లే, పదిహేనని రాసుకో," అంది వీరాయమ్మ. "ఆ లిస్టులో నా పేరుందా?"

"వీరాయమ్మ, ఎడమ కాలి బొటనవేలు... ఉన్నారండి. మూడో తారీకున ఎక్కారు. దిగలేదు."

"మరి నీ ఎదురుగా నిలబడిందెవర్రా, నీ మేనత్తా?"

"మీరిక్కడ ఉంటే ఉండొచ్చు మామ్మగారూ. దిగలేదంటున్నాను."

"నా పేరు కొట్టేయ్."

"కొట్టివేతలకి అనుమతి లేదండి. వంతెన మీంచి ఇటొచ్చి ముద్ర వేయాలి."

"అయితే కర్రెత్తు. నాలుగడుగులేసి తిరిగొస్తా."

"ఎలా ఎత్తుతానండి? నిండిపోయింది కదా!"

అంటూనే అతను ఫోను చేశాడు. కూర్మారావు గారు సమావేశంలో ఉన్నారు. ప్రజా సౌకర్యం మీద సమావేశం. ఫోను స్పీకర్లో ఆయన గొంతు అందరికీ వినిపించింది. "మానవతా దృక్పథముతో పరిశీలించెదము. దరఖాస్తు పెట్టుకోమనండి. తండ్రి వేలిముద్ర మరువవద్దు."

జోషిత పెదాలు నేరేడుపండు రంగుకి తిరిగాయి. కళ్ళు పైకి పోతున్నాయి. రత్నవేణి ఏడవలేదు, అరవలేదు. పిల్లని భుజాన వేసుకుని ఆటో దిగి, కర్ర కింద నుంచి దూరబోయింది. ఇద్దరు కొత్త సిబ్బంది అడ్డం నిలబడ్డారు. వంతెన కూలితే మీకే ప్రమాదమమ్మా అని ఒకడు బతిమాలుకున్నాడు కూడా.

ముత్యాలరావు స్టూలు మీంచి లేచాడు. ఆ కర్రకి తాళం లేదు. ఏనాడూ లేదు. ఆర్డరే దాని తాళం. భుజం ఆనించి ఒక్క ఊపులో పైకెత్తాడు.

"ముత్యాలరావు గారూ! ఏం చేస్తున్నారు? వంతెన కూలిపోద్ది!"

"కూలితే చెప్తాలేవోయ్. అమ్మాయ్, ఎక్కు. పోనీరా అబ్బాయ్, పోనీ!"

ఆటో పోయింది. కర్ర దింపకుండా, ఆటో అవతలి గట్టు ఎక్కేదాకా ముత్యాలరావు అలాగే భుజాన మోస్తూ నిలబడ్డాడు.

ఇంకో పది నిమిషాలు ఆలస్యమైతే తన చేతుల్లో ఉండేది కాదన్నాడు డాక్టరు. గొట్టం పెట్టిన అరగంటకి పిల్ల రంగు తిరిగింది. మధ్యాహ్నానికి బిస్కెట్టు అడిగింది. అప్పుడు ఏడ్చింది రత్నవేణి, ఆస్పత్రి మెట్ల మీద కూర్చుని, నోట్లో కొంగు కుక్కుకుని.

వంతెన కూలలేదు. అది మండలి ముందుచూపుకి నిదర్శనమని మర్నాడు ప్రకటన వచ్చింది. ఆ వెంటనే ముత్యాలరావుకి నోటీసు వచ్చింది. నిండిన వంతెన మీదికి అదనముగా వాహనమును వదిలి, దానిపై ఉన్న నాలుగు వందల పన్నెండు మంది ప్రాణములను లెక్కచేయనందున మీపై ఏల చర్య తీసుకొనరాదు? ఉన్నవారందరూ క్షేమముగా దిగినట్లు రుజువగు వరకు మీరు వంతెన నడుమ నిలిచి వారిని దింపవలెను. విధి విడిచి పోయినచో పింఛను రద్దగును.

రిటైరుమెంటుకి పది నెలలుంది. ముత్యాలరావు గొడుగూ, మంచినీళ్ళ సీసా పట్టుకుని వంతెన మధ్యకి పోయి కూర్చున్నాడు.

ఈ సంగతి తెలిసి లంకంతా వీరాయమ్మ వాకిట్లో చేరింది. "మన పిల్ల కోసం ఆ తమ్ముడు అక్కడ ఎండలో కూచున్నాడు. మనం దిగుదాం," అందామె. దిగాలంటే వంతెన మీంచి రావాలి. కొత్తరేవు వైపు అడిగేవాడు లేడు గనక, పడవెక్కి అవతలకి పోయి, వంతెన మీద నడుచుకుంటూ ఇవతలకి వచ్చి, పుస్తకం ప్రకారం తాము ఎక్కి మిగిలిపోయిన వంతెన మీంచి దిగడం మొదలుపెట్టారు. మొదట వీరాయమ్మ దిగింది. ఆమె వెనక ముసలీ ముతకా, బాలింతలూ, పని మానుకున్న కూలీలూ. ఇంత అలిసిపోయి ఇంటికి రావడం ఎన్నడూ లేదని నవ్వుకున్నారు. మధ్యలో కూర్చున్న ముత్యాలరావు ఒక్కొక్కరినీ లెక్కపెట్టుకుంటూ, "దిగండి బాబూ, దిగండి. పుణ్యముంటుంది" అనేవాడు. మూడు వారాల్లో నాలుగు వందల పదకొండు మంది దిగారు. ఎర్రబోర్డు తీసేశారు.

ఒక్కడు దిగలేదు. పోలయ్య.

పోలయ్య గుండెనొప్పితో వంతెన మీద ఆస్పత్రికి పోయాడు. అక్కడే పోయాడు. శవాన్ని పడవలో తెచ్చారు. కొడుకు మరణ ధ్రువపత్రం పట్టుకుని మండలికి వెళ్తే, కూర్మారావు గారు రెండుసార్లు చదివి, సానుభూతి తెలిపి, "ఇందులో మరణించినట్లున్నది గానీ దిగినట్లు లేదే!" అన్నారట.

కనుక విచారణ ముగియలేదు. ముత్యాలరావు లేవలేదు. పోలయ్య వచ్చి వేలిముద్ర వేసేదాకా అతను అక్కడ ఉండవలసిందే.

మొన్న లంకవాళ్ళందరూ కలిసి మండలికి ఒక అర్జీ పెట్టుకున్నారు. అయ్యా, మా రూపాయి మీరు మళ్ళీ తీసుకోండి, ఊరికే వచ్చేది మాకొద్దు అని. రద్దును రద్దు చేయడంపై చర్చాసభ త్వరలోనే ఉంటుందని జవాబొచ్చింది. సభ కొత్తరేవులో. వంతెన దాటడానికి ఆమోదించిన కారణాల్లో సభకి రావడం మాత్రం ఇంకా చేరలేదు.

రత్నవేణి రోజూ పొద్దున్నే క్యారేజీ కడుతుంది. అన్నం పెట్టడం కూడా ఆ ముప్పై ఏడు కారణాల్లో లేదు. అందుకని పడవలో అవతలకి పోయి, అటు నుంచి నడిచి ఇచ్చి వస్తుంది. గాలి రేగిన రోజున పడవ కట్టరు. ఆ రోజు పిల్లని ఒళ్ళో పెట్టుకుని, వాకిట్లోంచి వంతెన మీదున్న ఆ గొడుగు వైపు చూస్తూ కూర్చుంటుంది. షుగరు మనిషి, వేళకి తినాలి. పిల్ల ఎగశ్వాస పీల్చినా, గొడుగు కదలకపోయినా ఇప్పుడు ఆమెకి ఒకటే భయం.

మీలో ఎవరికైనా కొత్తరేవు వైపు పని తగిలితే ఒక్క పని చేసి పెట్టండి. అటు వైపు నుంచి వంతెన ఎక్కండి, ఎవరూ ఏమీ అడగరు. సగం దూరం నడిస్తే కమ్మీకి ఆనుకుని ముత్యాలరావు గారని ఒకాయన కూర్చుని ఉంటారు. కాసేపు ఆగి పలకరించండి. అన్నం తిన్నారా అని అడగండి. తిన్నాననే చెప్తారు. ఆ మాట నమ్మొద్దు. క్యారేజీ మూత తీసి చూడండి.